ఒడ్డున పెట్టిన సంతకం

జూన్ 4

అన్నయ్యా,

గది దొరికింది. గది అనడం మర్యాదకే. రెండు మంచాలు పట్టిన నడవా ఇది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే చెయ్యి చాచినంత దూరంలో అచ్చాఫీసు గోడ. యంత్రం దడదడలాడినప్పుడల్లా నా మంచం కూడా నాతోపాటు వణుకుతూ చదువుతుంది. పక్క మంచం ఆవిడ ఒకప్పుడు లెక్కల టీచరు. నన్ను చూడగానే పేరైనా అడక్కుండా "ఎన్నోసారి?" అంది. "మూడోసారి. వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరు" అన్నాను. "అయితే కిటికీ వైపు నువ్వు పడుకో" అంది. ఆఖరుసారి వాళ్లకి ఇక్కడ ఆ మాత్రం గౌరవం ఉంది.

చరిత్ర, రాజ్యాంగం నాకు భయం లేదు. అవి ఉన్నచోటే ఉంటాయి. నన్ను రెండుసార్లూ దెబ్బతీసింది ఈ కరెంట్ అఫైర్సే. ఇవాళ బట్టీ పట్టిన మంత్రి రేపు ఉండడు. రీడింగ్ రూములో ఒక్కో పేపరు చుట్టూ ఆరుగురు మూగుతారు. నిన్న ఒకడు సంపాదకీయం పేజీ చొక్కాలో దోపుకుని పోతూ దొరికాడు. పట్టుకున్నవాళ్లు ముందు ఆ పేజీ చదివేసి, ఆ తర్వాత తీరిగ్గా తిట్టారు.

లెక్కల టీచరు ప్రతి వార్తకీ అయిదు గళ్లు గీస్తుంది. ఏం జరిగింది, ఎక్కడ, ఎందరికి, తప్పెవరిది, ఏం చెయ్యాలి. అయిదూ నిండితే వార్త మన సొంతమైనట్టేనట. నేనూ మొదలుపెట్టాను.

నీకో పని. మన ఊరి పేపరు ఇక్కడికి రాదు. ఇంటర్వ్యూలో సొంతూరి సంగతులు గుచ్చి గుచ్చి అడుగుతారట. రేవు గురించి, నది గురించి ఏం వచ్చినా కత్తిరించి వారం వారం పంపు. నీ ఉపదేశాలు మాత్రం కత్తిరించి అక్కడే ఉంచుకో.

వదిన దగ్గు తగ్గిందా? పాపకి ముద్దులు.

నీ
గుండు

జూన్ 17

ఒసేయ్ గుండూ,

కటింగులు పంపుతున్నాను. తొమ్మిదున్నాయి. అందులో రెండు పాప కత్తిరించింది కాబట్టి చివర్లు కోతి కొరికినట్టుంటాయి. వార్త వంకర కాదులే, చదువుకో.

ఈ ఊళ్లో ఏం జరుగుతుందే నీ అయిదు గళ్లు నిండడానికి? అయినా అడిగావు గనక రాస్తున్నాను. మన రేవులో తిరిగే లాంచీలు పదకొండు. వాటిని ఏడాదికోసారి ఒడ్డుకు లాగించి, కింద బురదలోకి దిగి, పలక పలకనీ సుత్తితో తట్టి చూసేవాడు మీ అన్నయ్య. మంచి చెక్క ఖంగుమంటుంది. పుచ్చినది దగ్గినట్టు మూలుగుతుంది. అనుమానం వస్తే దబ్బనంతో పొడుస్తాను. మొన్న ఏడో నంబరు లాంచీకి పొడిస్తే పిడిదాకా దిగిపోయింది. వెంటనే పక్కన పెట్టించాను. యజమాని లబోదిబోమన్నాడు. ఆఫీసులో మా పెద్దసారు "అంత పట్టుదలైతే ఎలాగయ్యా, సీజను నెత్తిమీదికొచ్చింది" అని గొణిగారు. కొత్త పలక వేసేదాకా కుదరదండీ అన్నాను. ఆ లాంచీ నడిపే ముసలి సరంగు మాత్రం టీ తాగించి, "నువ్వు చూశావంటే నేను కళ్లు మూసుకుని నడుపుతాను బాబూ" అన్నాడు. కళ్లు తెరుచుకునే నడపవయ్యా స్వామీ అన్నాను.

వదినకి దగ్గు తగ్గింది. గొంతు తిరిగొచ్చింది. ఇల్లు మళ్లీ కళకళలాడుతోంది, నా చెవులే గగ్గోలు పెడుతున్నాయి.

వేళకు తిను. అమ్మ ఉంటే ఇదే రాసేది. ఇది ఉపదేశం కాదు, కత్తిరించకు.

అన్నయ్య

ఆగస్టు 11

అన్నయ్యా,

ప్రిలిమ్స్ గట్టెక్కాను! బోర్డు మీద నా నంబరు మూడుసార్లు చూసుకుని, నాలుగోసారి పక్కనున్న ఎవరినో చూడమన్నాను. లెక్కల టీచరు నంబరు లేదు. ఆవిడ ఏడవలేదు. పెట్టె సర్దుకుని, గళ్లు గీసిన పుస్తకాలు నాలుగూ నా మంచం మీద పెట్టి, "ఇవి మోసుకుపోయి ఏం చేసుకోను, నువ్వే దాటు" అంది. మెట్లు దిగుతుంటే ఆవిడ చెప్పుల చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత గదిలో నేనూ, ఆ యంత్రం దడదడా.

అక్టోబరులో మెయిన్స్. కటింగులు ఆపకు. నీ సుత్తి, దబ్బనం కథ ఒక పుటలో రాసుకున్నాను. ఇంటర్వ్యూలో అడిగితే చెప్తాను, మా ఊళ్లో పలకల నాడి చూసే వైద్యుడున్నాడని.

గుండు

ఆగస్టు 30

గుండూ,

ఈసారి కటింగులు లేవు. పేపరు కొనడం లేదు.

ఈపాటికి అక్కడి పేపర్లలో చూసే ఉంటావు. పంతొమ్మిదో తారీకున లాంచీ మునిగింది. మేం ముగ్గురం క్షేమం. ఊరు ఊరులా లేదు. రేవు మెట్ల మీద పోయినవాళ్ల చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి, ఎవరూ తియ్యడం లేదు.

నువ్వు చదువుకో. ఇక్కడికి రావద్దు. వచ్చి చేసేదేమీ లేదు.

అన్నయ్య

సెప్టెంబరు 9

అన్నయ్యా,

పేపర్లో మన రేవు బొమ్మ చూడగానే రీడింగ్ రూములో కూలబడ్డాను. ఎవరో నీళ్లిచ్చారు. సరంగు కూడా పోయాడట కదా. నీకు టీ తాగించిన ఆ ముసలాయనేనా?

రెండు రోజులు పుస్తకం ముట్టలేదు. మూడో రోజు అనుకున్నాను, ఏడిస్తే ఎవరికి లాభం, రాస్తే ఎప్పటికైనా పనికొస్తుందని. అన్ని పేపర్లూ తిరగేసి అయిదు గళ్లూ నింపాను. మునిగింది ఏడో నంబరు లాంచీ. ఇరవై ఏడుగురు. విచారణ సంఘం వేశారు. నాలుగో గడి దగ్గరే ఒళ్లు మండిపోయింది. నువ్వు పక్కన పెట్టిన లాంచీయే కదా అది! నువ్వు కాదన్నదానికి ఎవరో మళ్లీ సంతకం పెట్టి నీళ్లలోకి తోశారన్నమాట. పేపర్లు "ఒక ఉద్యోగి" అంటున్నాయి, పేరు రాయడం లేదు. మీ పెద్దసారేనా? నాకైనా చెప్పు.

మెయిన్స్ కోసం వ్యాసం రాశాను. ఇక్కడి మాస్టారు దాన్ని తరగతిలో అందరికీ చదివి వినిపించారు. చివరి వాక్యం ఇది: "వాళ్లను ముంచింది నది కాదు. కిందికి వంగి చూడకుండా కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి. అలాంటి చేతికి సంకెళ్లు చాలా చిన్న శిక్ష." ఎలా ఉంది?

ఈ వ్యాసం వదినకి కూడా చదివి వినిపించు. తను బాగుందంటే బాగున్నట్టే.

గుండు

సెప్టెంబరు 24

గుండూ,

నీ వ్యాసం చదివాను. బాగా రాశావు. ఒక్కటి దిద్దుకో. ఇరవై ఏడు కాదు, ఇరవై ఎనిమిది. ఆఖరామె తొమ్మిదో రోజున దిగువ రేవులో దొరికింది. అక్కడి పేపర్లలో రాలేదేమో. మార్కులు పోతాయి, దిద్దుకో.

వదిన కూడా చదివింది.

నన్ను కొన్నాళ్లు ఇంటిపట్టునే ఉండమన్నారు. పాపని బడికి దింపి రావడం, మళ్లీ తీసుకురావడం, అంతే పని. దారిలో కొందరు పలకరించరు. ఊరు దెబ్బతిన్న ఊరు కదా, ఎవరి బాధలో వాళ్లుంటారు.

పేరు సంగతి వదిలెయ్. విచారణలో తేలుతుంది. ముందు పరీక్ష బాగా రాయి.

అన్నయ్య

నవంబరు 2

అన్నయ్యా,

పరీక్షలు అయిపోయాయి. నమ్ముతావా, జలరవాణాలో భద్రత మీద ప్రశ్న వచ్చింది! చదవగానే అయిదు గళ్లూ కళ్ల ముందు నిలబడ్డాయి. ఇరవై ఎనిమిది అనే రాశాను, నువ్వు దిద్దినట్టే. చివర్లో ఆ వాక్యం కూడా పెట్టాను. ఇన్నేళ్లలో నేను రాసిన జవాబుల్లో అదే మంచిది.

ఇక నా కోపం సంగతి. వదిన రెండు నెలలుగా ఒక్క ముక్క రాయలేదు. నేనేం తప్పు చేశాను? ఇంకా ఆడపడుచు చదువేంటని విసుగా? అలాంటిదైతే మొహం మీదే చెప్పమను, పడతాను.

నీ మీదా ఉంది. సెలవు మీద ఇంట్లో కూర్చున్నావా? ఆ లాంచీ పుచ్చిందని జూన్‌లోనే చెప్పినవాడివి నువ్వొక్కడివే. నువ్వు నోరు విప్పితే పెద్దసారు తప్పించుకోలేడు. ఆయనకి భయపడి, నోట్లో నాలుక లేనట్టు ఉండిపోతావా? నీ జాబు నా దగ్గరుంది, తారీకుతో సహా. కావాలంటే సాక్ష్యంగా పంపుతాను. మా అన్నయ్య పిరికివాడని నేను ఎవరితోనూ చెప్పుకోలేను. వెళ్లి చెప్పు.

గుండు

నవంబరు 20

గుండూ,

చెప్పాను. మొదటి రోజే చెప్పాను. నీకు చెప్పడానికే ఇన్నాళ్లు పట్టింది.

ఆ సంతకం నాది.

వదిన రాయనిది నీ మీద విసుగుతో కాదు. నీకు నిజం రాస్తానని నేను, పరీక్షలు అయ్యేదాకా వద్దని తను. రాస్తే అబద్ధం రాయాల్సి వస్తుందని కలం ముట్టలేదు. నీ వ్యాసం చదివిన రోజు తను వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆగస్టు పద్దెనిమిది. ఏడో నంబరుకి కొత్త పలక వేశామని యజమాని కబురు పంపాడు. నేను వెళ్లాను. అంతకు ముందే వాన కురిసి వెలిసింది. లాంచీని ఒడ్డుకు లాగి ఉంచారు, కింద మోకాలిలోతు బురద. ఆ మధ్యాహ్నం బడిలో పాప పాట పాడుతుందని నేను ఉతికిన చొక్కా వేసుకున్నాను. బురదలోకి దిగితే మళ్లీ ఇంటికెళ్లి బట్టలు మార్చుకోవాలి. పాట అయిపోతుంది. ఒడ్డు మీద నిలబడే వంగి చూశాను. పలక నల్లగా నిగనిగలాడుతోంది. కొత్తదే అనుకున్నాను. పుచ్చిన పలక మీదే తారు పూశారని తర్వాత తెలిసింది. ఒక్క దెబ్బ సుత్తితో కొట్టి ఉంటే చెప్పేసేది.

సంతకం పెట్టాను. సరంగు వచ్చి, "కిందికి దిగి చూశావా బాబూ?" అన్నాడు. "చూశాను" అన్నాను. ఆయనతో నేను ఆడిన ఆఖరి మాట అదే.

ఎవరూ బెదిరించలేదు. ఎవరూ ఏమీ చేతిలో పెట్టలేదు. పెద్దసారు ఆ రోజు ఊళ్లోనే లేరు. అలాంటిదేదైనా ఉంటే కనీసం చెప్పుకోడానికి ఉండేది. బద్ధకం వేసింది, అంతే. పాప పాట వేళకి చేరుకున్నాను. చప్పట్లు కూడా కొట్టాను.

తర్వాత పెద్దసారు పిలిచి, "దిగి చూశానని చెప్పు, తప్పంతా యజమాని మీదికి పోతుంది" అన్నారు. నేను చూడలేదని రాసిచ్చాను. అందుకు నన్ను మెచ్చుకోకు. ఆ రోజు ఆ చెప్పులు చూసినవాడెవడైనా అదే రాసేవాడు.

వచ్చే నెలలో పేర్లు బయటికొస్తాయి. కేసు పెడతారు. నీ ఇంటర్వ్యూ ఆ తర్వాతే. ఇంటిపేరు చూసి ఎవరైనా అడిగితే వేరే కుటుంబంవాళ్లని చెప్పు. నీ వాక్యం నిజమే, దాన్ని మార్చకు.

అన్నయ్య

డిసెంబరు 1

అన్నయ్యా,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నీ మీద కోపం ఉంది. లేదని ఎలా అనను? ఆ ఇరవై ఎనిమిదిలో ఏడుగురు బడి పిల్లలు. అంకెలన్నీ నాకు కంఠతా వచ్చు కదా. కళ్లు మూసుకుంటే బురద, నీ ఉతికిన చొక్కా. నన్ను బడిలో చేర్చిన రోజు వానకి దారంతా బురదైతే నన్ను భుజాన ఎత్తుకుని, నువ్వు మోకాళ్లదాకా దిగి నడిచావు. ఆ మనిషి ఈ మనిషి ఒక్కడేనా అని అడుగుతున్నాను.

నా కోపం ఇంకొకటి కూడా. అంకె దిద్దించి మరీ ఆ వాక్యాన్ని నన్ను రాయనిచ్చావు.

వేరే కుటుంబమని నేను చెప్పను. నువ్వు కాగితం మీద నిజం రాసిచ్చావు. నేను ఆఖరుసారి మనిషినే కావచ్చు, ఉద్యోగం కోసం అన్నని అమ్ముకునేంత కరువులో లేను. అడిగితే, మా అన్నయ్యే అంటాను. ఏమౌతుందో అవనీ.

వదినకి చెప్పు, నేను రాసినవన్నీ మరిచిపొమ్మని. మరిచిపోలేకపోతే తిట్టమని.

గుండు

మార్చి 14

అన్నయ్యా,

నీకు బెయిలు దొరకలేదని, జైలుకి తీసుకెళ్లారని వదిన రాసింది. ఈ జాబు నీ చేతికి ఎప్పుడొస్తుందో, ముందు ఎవరెవరు చదువుతారో తెలియదు. అయినా రాయాలి.

నిన్న ఇంటర్వ్యూ అయింది. పొడుగాటి బల్ల వెనక అయిదుగురు. మధ్యలో పెద్దాయన. నెమ్మదైన మనిషి. నవ్వుతూ మాట్లాడారు. నీళ్ల గ్లాసు నా వైపు జరిపారు. చరిత్ర అడిగారు, చెప్పాను. సరిహద్దులు అడిగారు, చెప్పాను. తర్వాత కాగితం మీదికి వంగి, "మీది ఆ లాంచీ మునిగిన ఊరే కదా" అన్నారు. అవునన్నాను.

"అరెస్టయిన ఆ ఉద్యోగి ఇంటిపేరు కూడా మీదే. మీకేమవుతారు?"

అన్నయ్యా, నాలుగు నెలలుగా ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకుంటున్నాను. అద్దం ముందు, స్నానాల గదిలో, బస్సులో. మా అన్నయ్యండీ. మూడే మూడు మాటలు కూడా లేవు. ఆయన అలా అడగ్గానే నా నోరు, "ఏమీ కారండీ" అంది. ఆలోచించి అబద్ధమాడలేదు. ఆలోచించే లోపలే అయిపోయింది.

ఆయన ఊరట చెందినట్టు వెనక్కి వాలారు. "అయితే మొహమాటం లేకుండా చెప్పండి. అలాంటివాళ్లని ఏం చెయ్యాలంటారు?"

చెప్పాను. ఆ వాక్యమే. పొల్లు పోకుండా చెప్పాను. అయిదుగురూ తలలూపారు. ఒకావిడ రాసుకుంది కూడా.

బయటికొచ్చాక వరండాలో బల్ల మీద కూర్చుండిపోయాను. నా తర్వాత వెళ్లాల్సిన అమ్మాయి, "బాగా జరిగిందా?" అంది. "చాలా బాగా" అన్నాను.

పిరికివాడివని నిన్ను తిట్టిన కలంతోనే ఇది రాస్తున్నాను. నన్ను క్షమించమని అడగను. నువ్వు వెంటనే క్షమించేస్తావని భయం.

గుండు

జూలై 8

గుండూ,

నీ పేరు జాబితాలో ఉందని వదిన ములాఖత్‌లో చెప్పింది. పైనుంచి నలభై రెండోది. పాప ఊరంతా చెప్పి రావాలని పరిగెత్తబోతే ఆపిందట. మా గదిలో పదిమందిమి. "ఏంటి, మొహం వెలిగిపోతోంది?" అన్నారు. చల్లని కబురు అన్నాను. ఎవరి కబురో చెప్పలేదు.

నీ మార్చి జాబు నాకు మే నెలలో అందింది. జవాబు రాయకపోవడం కోపంతో కాదు. ఇక్కణ్ణించి వెళ్లే జాబులన్నీ చదివి ముద్ర వేస్తారు. నీ చిరునామాకి ఈ ముద్ర రాకూడదని ఆగాను. ఇది వదిన చేతికి ఇచ్చి పంపుతున్నాను. చదివి చింపెయ్. ఇంటర్వ్యూలో నేను చెప్పమన్నదే చెప్పావు, ఇంకేముంది అందులో? రోజూ దాన్నే తవ్వుకుంటూ కూర్చోకు. తవ్వుకోడానికి నాకు నాది ఉంది, అది చాలు మనింటికి.

అసలు సంగతికి వస్తాను. మొన్న సోమవారం నువ్వు గేటు దాకా వచ్చావట. నాకు తెలియదనుకోకు. గేటు దగ్గర పుస్తకం రాయించే జవాను మంచివాడు, అతనే చెప్పాడు. బూడిద రంగు చీర, చేతిలో పళ్ల సంచీ, కుడి కనుబొమ్మ మీద మచ్చ. నువ్వే. పేరు రాశావట, ఊరు రాశావట. "ఖైదీకి ఏమవుతారు" అన్నచోట కలం ఆపి, వెనక నిలబడ్డవాళ్లు సణుగుతున్నా అలాగే నిలబడ్డావట. తర్వాత నీ పేరు కూడా కొట్టేసి, పళ్లు అక్కడే వదిలేసి వెళ్లిపోయావట. పళ్లు నాకు అందాయి. తలా ఒకటి తిన్నాం.

నేను జవానుని అడిగాను. ఆ పుస్తకం పైవాళ్లు అప్పుడప్పుడు తిరగేస్తారట. నీ భయం నిజమే. కానీ చుట్టరికం రాయాలన్న నియమమేం లేదట. చాలామంది "తెలిసినవాళ్లు" అని రాస్తారట. అలా రాసినా లోపలికి పంపిస్తారు. పది నిమిషాలు ఇస్తారు.

వచ్చే సోమవారం అలా రాసి రా. నిన్ను చూసి ఏడాది దాటింది.

అన్నయ్య